కోసిన పీఎఫ్ కట్టలేదు, ఇప్పుడు గవర్నమెంటు టెండర్ వేయమంటున్నారు అక్కా

సిక్కోలు జిల్లా నుంచి ఒక తమ్ముడు రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నాడు, ఊరూ వద్దన్నాడు, రెండూ తీసేసి మిగతాది నా మాటల్లో చెప్తున్నా.

ఈయన ఆర్మీలో 17 ఏళ్ళు చేసి హవల్దారుగా బయటికొచ్చాడు. 2021లో బావమరిదితో కలిసి పార్ట్‌నర్‌షిప్ మీద సెక్యూరిటీ ఏజెన్సీ పెట్టాడు. లైసెన్సు శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాలకి తీసుకున్నారు. ఇప్పుడు పలాస వైపు జీడిపప్పు ఫ్యాక్టరీలు, రెండు కాలేజీలు, ఒక షాపింగ్ మాల్, పాలకొండలో ఒక కాలేజీ అన్నీ కలిపి 38 మంది గార్డులు. అందులో పీఎఫ్, ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) ఉన్నది 14 మందికే. మిగతా 24 మందికి జీతంలోంచి కోత మాత్రం పడుతోంది, 18 నెలలుగా, కట్టింది మాత్రం సున్నా. కావాలని మొదలెట్టలేదట, ఒక కాలేజీ వాళ్ళు నాలుగు నెలల బిల్లు ఆపేశారు, ఆ నెల జీతాలివ్వడానికి పీఎఫ్ డబ్బు వాడేశారు, తర్వాత నెల కడదాం అనుకున్నారు, ఆ తర్వాత నెల రానే లేదు.

ఇప్పుడు జిల్లాలో ఒక పెద్ద ఆసుపత్రికి 60 మంది గార్డుల టెండర్ పడింది. బావమరిది ఒక కన్సల్టెంటుని పట్టుకొచ్చాడు, ఆయన ఏడాది చలాన్లు, ట్రైనింగ్ సర్టిఫికెట్లు అన్నీ "సెట్ చేసి" ఇస్తానన్నాడు. తమ్ముడికి మనసొప్పట్లేదు. బావమరిదేమో "బావా, జీతం ఇచ్చేది క్లయింటు, గార్డులు వాళ్ళ మనుషులు, మనం మధ్యవర్తులమే, పీఎఫ్ మనకెందుకు" అంటున్నాడు. ఈయన భార్య ఒక పక్క తన సొంత తమ్ముణ్ణి, ఒక పక్క మొగుణ్ణి చూసి అన్నం మానేసింది. ఇంతలో ఒక గార్డు కూతురి పెళ్ళికి పీఎఫ్ అడ్వాన్సు పెడదామని నెట్ సెంటరుకి వెళ్తే, అక్కడి కుర్రాడు నీకు పీఎఫ్ ఖాతా నంబరే లేదన్నాడట. ఆ గార్డు ఈయన ఇంటికొచ్చి గుమ్మం బయటే నిలబడి, "నా పీఎఫ్ డబ్బులేటైపోనాయి బాబూ" అని అడిగాడు. ఆ రాత్రే ఈ ఉత్తరం రాశాడు. టెండర్ వేయాలా, మానాలా, నిజం చెప్తే జైలుకి పోతానా, బావమరిదితో విడిపోవాలా, ఇవీ అడిగినవి.

తమ్ముడూ, ఉత్తరం రెండుసార్లు చదివా. విజయనగరంలో చిన్న గదిలో కూర్చుని పాతికేళ్ళుగా ఇలాంటి వాళ్ళ పీఎఫ్, ఈఎస్ఐ లెక్కలే చూస్తున్నా కాబట్టి నీ పరిస్థితి నాకు కొత్త కాదు. గుమ్మం బయట నిలబడ్డ ఆ మనిషిని నువ్వు మర్చిపోలేకపోతున్నావు చూడు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు బావమరిది మాట తేల్చేద్దాం. గార్డులు క్లయింటు మనుషులు అనే వాదన అతను కొత్తగా కనిపెట్టింది కాదు, ఒక సెక్యూరిటీ కంపెనీ ఇదే వాదనతో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, పాంథర్ సెక్యూరిటీ కేసు అంటారు, 2020 డిసెంబర్లో కోర్టు ఒప్పుకోలేదు. గార్డుని పనిలో పెట్టుకునేది, ట్రైనింగ్ ఇచ్చేది, డ్యూటీ వేసేది ఏజెన్సీ, 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కూడా ఏజెన్సీనే యజమానిగా చూస్తుంది, క్లయింటు నీకు డబ్బు కట్టాడు కాబట్టి గార్డు వాడి ఉద్యోగి అయిపోడు అని చెప్పింది. కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. భోజనాల దగ్గర కాకుండా పగలు ఆఫీసులో కూర్చోబెట్టి ఈ ముక్క అతనికి చెప్పు.

ఇప్పుడు డబ్బు. నువ్వు అంకెలు సరిగ్గా రాయలేదు, నేనే ఒక లెక్క వేశా. గార్డు పీఎఫ్ జీతం 12,000 అనుకో, ఇది లెక్క కోసమే, మీ జీతం మినిమం వేజ్ కంటే తక్కువ ఉందా అన్నది వేరే చూడాలి. గార్డు వాటా 12 శాతం అంటే 1,440. నీ వాటా అడ్మిన్ ఛార్జీలు, ఇన్సూరెన్సు కలిపి 13 శాతం, 1,560. 24 మందికి 18 నెలలు వేస్తే వాళ్ళ జీతాల్లోంచి కోసిందే 6,22,080 రూపాయలు. నీ వాటా 6,73,920. దాని మీద వడ్డీ ఏడాదికి 12 శాతం, డ్యామేజీలు, అంటే ఆలస్యానికి వేసే జరిమానా, 2024 జూన్ నుంచి నెలకి ఒక శాతం చొప్పున, ఈ రెండూ కలిపి ఇంకో రెండు లక్షల పైమాటే. ఈఎస్ఐ నీది 3.25, వాళ్ళది 0.75, మొత్తం నాలుగు శాతం, అది ఇంకో 2,07,360, దానికీ వడ్డీ ఉంటుంది. అంతా కలిపితే 17, 18 లక్షల దగ్గర ఆగుతుంది. పెద్ద మొత్తమే, కాదనను. కానీ ఇందులో రెండు రకాల డబ్బుందని గుర్తుపెట్టుకో. నీ వాటా కట్టకపోవడం బాకీ. గార్డు జీతంలోంచి కోసి కట్టకపోవడం వేరు, అది వాడి డబ్బు, నీ దగ్గర దాచమని ఇచ్చినట్టు లెక్క, దానికి ఒకటి నుంచి మూడేళ్ళ దాకా జైలు శిక్ష ఉంది, నమ్మకద్రోహం కేసు కూడా పెట్టొచ్చు. అందుకే టెండర్ వేసినా వేయకపోయినా ఆ ఆరు లక్షల 22 వేలు మొట్టమొదట కట్టాల్సిన డబ్బు.

ఇక్కడ నీకు పనికొచ్చేది ఒకటుంది. పీఎఫ్ వాళ్ళు 2025 నవంబర్ 1 నుంచి 2026 ఏప్రిల్ 30 దాకా ఒక ఎన్‌రోల్‌మెంట్ స్కీమ్ పెట్టారు. 2017 జులై నుంచి 2025 అక్టోబర్ చివరిదాకా చేరినా పీఎఫ్‌లో చూపించని వాళ్ళని యజమానే ముందుకొచ్చి చేర్పిస్తే డ్యామేజీలు నామమాత్రంగా వంద రూపాయలే. ఉద్యోగి వాటా కూడా వదిలేస్తారు, కానీ అది జీతంలోంచి కోయకపోతేనే. నువ్వు కోశావు కాబట్టి అది కట్టి తీరాలి. కన్సల్టెంటు "కోయలేదని రాసేద్దాం" అంటాడు, నాకు తెలుసు. 24 మంది దగ్గర పే స్లిప్పులున్నాయి తమ్ముడూ, నువ్వు పంపిన ఫోటోలోనే ఒక దాని మీద పీఎఫ్ అని రాసి పక్కన 1,440 కనిపిస్తోంది. నువ్విది చదివేసరికి గడువు ఇంకా ఉంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకు, దాటిపోతే మామూలు పద్ధతిలో వడ్డీ, డ్యామేజీలతో కట్టాలి, అప్పుడూ వాళ్ళు నోటీసు ఇచ్చాక కట్టడానికీ, నువ్వే వెళ్ళి కట్టడానికీ చాలా తేడా ఉంటుంది.

సరే, టెండర్. కన్సల్టెంటు చెప్పినట్టు వేస్తే ఏమవుతుందో చూద్దాం. గెలవొచ్చు కూడా, గెలిచిన వాళ్ళని చూశా. కానీ పీఎఫ్ చలానా ఇప్పుడు పాత రోజుల్లో కార్బన్ పెట్టి రాసిన కాగితం కాదు, దాని మీద నంబరుంటుంది, ఆ నంబరు ఆన్‌లైన్‌లో కొడితే ఏ నెల, ఎంతమంది, ఎంత కట్టారు అన్నీ బయటపడతాయి. ఆఫీసులో క్లర్కు కొట్టకపోవచ్చు. నీ తర్వాత తక్కువ రేటు వేసి రెండో స్థానంలో నిలబడ్డవాడు, ఎల్‌2 అంటారు, వాడు కొడతాడు, వాడికి అదే పని, నువ్వు తప్పుకుంటే కాంట్రాక్టు వాడిదే కదా, సమాచార హక్కు కింద నీ ఫైలంతా అడిగి తీసుకుంటాడు. దొంగ కాగితం దొరికితే డిపాజిట్ పోతుంది, సెంట్రల్ గవర్నమెంటు కొనుగోలు నిబంధనల్లో రెండేళ్ళ దాకా టెండర్ల నుంచి దూరం పెట్టే వీలుంది, ఫోర్జరీ కేసు వేరే. అన్నిటికంటే ముఖ్యం నీ లైసెన్సు. తప్పుడు పత్రాలకే కాదు, పీఎఫ్, కనీస వేతనాలు, కాంట్రాక్టు లేబర్ లాంటి చట్టాలు ఉల్లంఘించినా లైసెన్సు రద్దు చేయొచ్చని ఏజెన్సీల చట్టంలోనే రాసుంది. లైసెన్సు పోతే ఆసుపత్రి ఒక్కటే కాదు, జీడి ఫ్యాక్టరీలూ పోతాయి, లైసెన్సు లేకుండా నడిపితే ఏడాది దాకా జైలు, 25,000 దాకా జరిమానా.

ట్రైనింగ్ సర్టిఫికెట్లు కూడా పంపావు. ఆ ఏజెన్సీల చట్టం కింద కేంద్రం పెట్టిన మోడల్ రూల్స్ ప్రకారం గార్డుకి 100 గంటలు క్లాసు, 60 గంటలు ఫీల్డు, కనీసం 20 పనిదినాలు. మాజీ సైనికులకి, మాజీ పోలీసులకి 40 గంటలు క్లాసు, 16 గంటలు ఫీల్డు, కనీసం ఏడు పనిదినాలు. నీ సర్టిఫికెట్లలో 22 మందికి ఒకే నెల, ఒకే 20 రోజులు ఉన్నాయి. నువ్వే పంపిన మస్టరు (హాజరు) రిజిస్టరులో అదే రోజుల్లో ఆ 22 మందీ నైట్ డ్యూటీలో ఉన్నారు, సంతకాలన్నీ ఒకే నీలం పెన్నుతో, ఒకే వాలుతో ఉన్నాయి. రెండు కాగితాలు పక్కపక్కన పెడితే నాకు అయిదు నిమిషాలు పట్టింది కనిపెట్టడానికి. ఆసుపత్రిలో అర్ధరాత్రి ఐసీయూ ముందు బంధువులు గొడవకి దిగితే ఎలా నిలబడాలి, మంటలొస్తే ఏ సిలిండర్ ఎలా తీయాలి, స్ట్రెచర్‌కి దారెలా ఇవ్వాలి, ఇవి తెలియని కుర్రాణ్ణి అక్కడ నిలబెడితే దెబ్బలు తినేది వాడే. నువ్వు సైనికుడివి, ఇది నీకు నేను చెప్పాలా.

ఇక 60 మంది అన్న అంకె. బావమరిది 60 మంది జీతాలకే లెక్క వేసినట్టున్నాడు. 20 పోస్టులు, మూడు షిఫ్టులు, రోజుకి 60 మంది అన్నమాట. వారానికి ఒక్కో పోస్టుకి 21 షిఫ్టులు, మనిషి ఆరు రోజులే చేస్తాడు, అంటే పోస్టుకి మూడున్నర మంది కావాలి. 60 కాదు, 70 మంది. సెలవు రోజున బదులు నిలబడే ఆ పది మంది రిలీవర్ల డబ్బు రేటులో లేకపోతే వాళ్ళ సెలవులు ఎగ్గొట్టి 12 గంటల డ్యూటీలు వేయడం మొదలవుతుంది, చాలా ఏజెన్సీల పాపం అక్కడే మొదలవుతుంది. పైగా బిల్లులు. గవర్నమెంటు బిల్లు రెండు మూడు నెలలు ఆలస్యం అవడం మామూలు, జీతం మాత్రం ఏడో తారీఖులోపు ఇవ్వాలి, పీఎఫ్, ఈఎస్ఐ 15లోపు కట్టాలి. మనిషికి 14,000 ఖర్చనుకున్నా 60 మందికే నెలకి 8,40,000, మూడు నెలలు ఆగితే 25 లక్షలు నీ జేబులోంచి తిరగాలి. గవర్నమెంటు కొనుగోళ్ళు జరిగే జెమ్ పోర్టల్లో ఇలాంటి మ్యాన్‌పవర్ బిడ్లలో పోటీ వల్ల సర్వీస్ ఛార్జి కింది హద్దు 3.85 శాతం దగ్గరే ఆగుతోంది, అంటే నెలకి 32,000 చిల్లర మిగులుతుంది, అందులోంచే యూనిఫాం, సూపర్‌వైజరు, ఆఫీసు, టీడీఎస్‌కి పోయేది అన్నీ. ఒక కాలేజీ నాలుగు నెలలు బిల్లు ఆపితేనే పీఎఫ్ డబ్బు ముట్టుకున్నావు. ఆసుపత్రి ఆపితే ఏం ముట్టుకుంటావు? ఇది నిన్ను నొప్పించడానికి అడగట్లేదు, బ్యాంకు ఓడీ లిమిటు (ఖాతాలో డబ్బు లేకపోయినా వాడుకోనిచ్చే అప్పు) ఎంతుందో చూసుకుని నీకు నువ్వే జవాబు చెప్పుకో.

రెండో దారి, ఈ టెండర్ వదిలేయడం. బాధగానే ఉంటుంది, బావమరిది మాట్లాడ్డం మానేయొచ్చు, ఏడాది పాటు అప్పు తీర్చడమే పనిగా ఉంటుంది. కానీ 38 మందికీ పీఎఫ్ నంబర్లు తెచ్చి, పాత బాకీ కట్టి, నెలనెలా 15లోపు కడుతూ పోతే ఏడాదికల్లా 12 చలాన్లు నీ చేతిలో ఉంటాయి, ఎవడు ఆన్‌లైన్‌లో కొట్టి చూసినా భయపడక్కర్లేదు. అప్పుడు చిన్న సంస్థలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ తీసుకుని ఉంటే సెంట్రల్ టెండర్లలో ఈఎండీ, అంటే టెండర్‌తో కట్టే డిపాజిట్, మినహాయింపు కూడా దొరుకుతుంది. నంబర్లు తేవడంలో ఒక చిక్కుంది, ముందే చెప్తున్నా, మన వైపు ఆధార్‌లో ఇంటిపేరు ముందు, బ్యాంకులో వెనక, టెన్త్ సర్టిఫికెట్లో అసలు ఉండదు, పుట్టినతేదీ జనవరి ఒకటి. ఈ 24 మంది ఆధార్లు ముందు సరిచేయించు, దానికే నెల పట్టొచ్చు. తర్వాత ప్రతివాడి ఫోన్లో ఉమాంగ్ యాప్ వేయించి పాస్‌బుక్ ఎలా చూడాలో నువ్వే నేర్పించు. అది నిన్నూ కట్టుబడేలా చేస్తుంది.

మధ్య దారి కూడా ఉంది. 60 మంది కాకుండా ఆరేడుగురి చిన్న పనులు, ఒక హాస్టలో, ఒక గోడౌనో, అలాంటి వాటికి నిజమైన కాగితాలతో వేయడం. ఆ 14 మంది కాగితాలు సరిగ్గానే ఉన్నాయి కదా. అనుభవం సర్టిఫికెట్ వస్తుంది, డబ్బు తక్కువ వస్తుంది. కానీ పాత బాకీ మొదలుపెట్టకుండా ఇది చేయకు, టెండర్లో బాకీలేమీ లేవని డిక్లరేషన్ అడుగుతారు, అక్కడ మళ్ళీ అబద్ధం రాయాల్సొస్తుంది. పెద్ద ఏజెన్సీ పేరు మీద వేసి వెనక మీరు నడుపుతామనే ఆలోచన ఎవరైనా చెప్తే వినకు, పనిని ఇంకొకరికి సబ్‌లెట్ చేయకూడదని దాదాపు ప్రతి టెండర్లో ఉంటుంది, దొరికితే ఇద్దరూ పోతారు.

నువ్వు అడగనివి రెండున్నాయి. పాలకొండ కాలేజీ. మీరు లైసెన్సు తీసుకున్నప్పుడు పాలకొండ శ్రీకాకుళం జిల్లాలో ఉంది, 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది. నీ లైసెన్సు మీద ఆ జిల్లా పేరు లేదు. లైసెన్సు ఇచ్చిన అథారిటీకి ఒక ఉత్తరం రాసి, ఆ జిల్లా చేర్చమని అడిగి, రసీదు దాచుకో. రెండు నుంచి అయిదు జిల్లాల దాకా చట్టంలో ఫీజు ఒకటే, 10,000. పైగా 2021 లైసెన్సు అంటే అయిదేళ్ళు 2026లో నిండుతాయి, రెన్యువల్ దరఖాస్తు గడువుకి కనీసం 45 రోజుల ముందు పెట్టాలి. టెండర్ గొడవలో పడి ఇది మర్చిపోతే ఉన్నది కూడా పోతుంది, ఇవాళే లైసెన్సు తీసి తేదీ చూడు.

రెండోది జీడి ఫ్యాక్టరీ గేటు దగ్గరున్న ఆ పెద్దాయన. 67 ఏళ్ళని రాశావు, మీ ఊరి మనిషి, నాన్నగారి స్నేహితుడు. గార్డుకి వయసు 18 నుంచి 65 మధ్యే ఉండాలని చట్టం. కాగితం మీద 63 వేసి నడపొద్దు, రేపు రాత్రి డ్యూటీలో ఆయనకి ఏమైనా అయితే ఆ అంకె వల్లే ఇంటివాళ్ళకి రావాల్సింది రాకుండా పోవచ్చు. అలాగని రేపటి నుంచి రావద్దనకు. యూనిఫాంలు, టార్చిలు లెక్క చూసే పని, రిజిస్టర్లు సైటుకి తిప్పే పని, ఏదో ఒకటి గార్డు డ్యూటీ కానిది చూడు, ఆయన ఇంటికెళ్ళి నువ్వే చెప్పు, ఫోన్లో కాదు.

జైలు సంగతి అడిగావు. ఏమీ జరగదని నేను మాటివ్వలేను, చట్టంలో శిక్ష ఉంది. కానీ తనంతట తాను వచ్చి కోసిన డబ్బు మొత్తం జమ చేసిన వాడి ఫైలు ఒకలా నడుస్తుంది, 24 మంది వెళ్ళి కంప్లయింటు ఇచ్చాక పట్టుబడిన వాడి ఫైలు ఇంకోలా నడుస్తుంది, ఇది కళ్ళతో చూశా. డబ్బు కట్టే ముందు లేబర్ కేసులు చూసే లాయరుతో ఒక గంట కూర్చో, ఏ నెలది ఎలా ఫైల్ చేయాలో, ఏం రాయాలో ఆయన చూస్తాడు. కన్సల్టెంటుతో కాదు, లాయరుతో.

బావమరిదితో విడిపోవడం. విడిపోతే ప్రశాంతంగా ఉంటుందనుకుంటున్నావేమో, 18 నెలల బాకీ మాత్రం ఇద్దరి నెత్తి మీదే ఉంటుంది, ఫర్మ్ నుంచి బయటికొచ్చినంత మాత్రాన అది పోదు. పార్ట్‌నరు మారితే లైసెన్సు అథారిటీకి, పీఎఫ్‌కి, జీఎస్టీకి, బ్యాంకుకి చెప్పాలి, రెన్యువల్ ముందు అది ఇంకో తలనొప్పి. నాకైతే ముందు బాకీ తీర్చి తర్వాత విడిపోవడం మేలనిపిస్తోంది, కానీ అతను దొంగ చలాన్ల మీద నీ సంతకం కూడా వాడతాడనే అనుమానం ఉంటే ఆగకు, ఆన్‌లైన్‌లో సంతకం పెట్టే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ ఇవాళే నీ దగ్గర పెట్టుకో, బ్యాంకుకి ఇద్దరి సంతకాలుంటేనే అని రాసివ్వు. అతనూ చెడ్డవాడని నాకు అనిపించట్లేదు, నాలుగు నెలలు బిల్లు రాక ఇద్దరూ ఒకే గోతిలో పడ్డారు, అతను ఇంకా లోతుకి తవ్వి బయటపడదామనుకుంటున్నాడు.

మీ ఆవిడకి ఈ లెక్క కాగితం మొత్తం చూపించు. ఎవరు మంచి, ఎవరు చెడు అని ఆమెని అడక్కు, 6,22,080 అనే అంకె చూపించి ఇది ఎవరి డబ్బో చెప్పు. బంగారం పెడతావో, స్థలం అమ్ముతావో, బావమరిది వాటా ఎంతో, ఆ మాటలు ముగ్గురూ కలిసి కూర్చుని మాట్లాడుకోండి.

ఆ పెళ్ళి కూతురి తండ్రిని మాత్రం ఇదంతా తేలేదాకా ఆపకు. ఆయన జీతంలోంచి కోసింది నెలకి 1,440 అయితే 18 నెలలకి 25,920. అది ఖాతాలో పడి, అడ్వాన్సు పెట్టి, చేతికొచ్చేసరికి ముహూర్తం దాటిపోవచ్చు. అందుకని పీఎఫ్ కట్టడం ఎలాగూ కట్టు, పెళ్ళికి మాత్రం నీ చేతి నుంచి విడిగా ఇవ్వు, చేబదులుగానే ఇవ్వు, దాన్ని పీఎఫ్‌లో సర్దేశానని ఎక్కడా రాయకు. మీ డబ్బు ఎక్కడికి పోయిందో ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పు. ఈసారి గుమ్మం లోపలికి పిలిచి కూర్చోబెట్టి చెప్పు తమ్ముడూ.